బోరు ఇంకా లోతుకు దింపే ముందు

మా అనంతపురం సీమలో బోరు నీళ్లు తగ్గాయంటే తోచే వైద్యం ఒకటే: ఇంకో వంద అడుగులు దింపడం. నీళ్లు పడితే అదృష్టం, పడకపోతే అప్పు. ఉమ్మడి జిల్లా లెక్కన ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతో కాలం గడుపుకునే నేల ఇది. అంచేత ఆ ఆత్రాన్ని తప్పు పట్టలేము. అయితే ఒక్కొక్కప్పుడు బోరులో నీళ్లు ఉండనే ఉంటాయి. మోటారుకీ తొట్టికీ మధ్య గొట్టం ఎక్కడో చిట్లి ఉంటుంది. అది చూసుకోకుండా రిగ్గుబండికి కబురు పెట్టేవాణ్ణి బుద్ధిమంతుడని ఎవరూ అనరు గదా!

ఈ వారం నేను చెప్పదలచుకున్నది నీళ్ల సంగతి కాదు, కంప్యూటర్ల సంగతి. వ్యవహారం మాత్రం అచ్చంగా ఇదే.

అనంతపురంలో గానీ, ధర్మవరంలో గానీ, తాడిపత్రిలో గానీ ఏ వీధిలో చూసినా, బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం చేసే అబ్బాయో అమ్మాయో ఉన్న ఇల్లు ఒకటైనా తగులుతుంది. రాత్రి పది దాటాక తల్లి ఫోను చేస్తుంది.

"ఏం నాయనా, అన్నం తిన్నావా?"

"ఇంకా లేదమ్మా. వర్షను మార్చినాం. అప్పట్నుంచి డేటాబేసు నెమ్మదించింది. అది తేలేదాకా ఇంటికి పోయేదానికి లేదు."

తల్లికి ఇందులో ఒక్క ముక్కా అర్థం కాదు. అర్థమైందల్లా అబ్బాయి అన్నం తినలేదన్న సంగతే. పడక్కుర్చీలో ఉన్న తండ్రి మాత్రం, "కొత్తది తెచ్చుకుంటే వేగం పెరగాల గానీ, తగ్గేదేందే?" అని అడుగుతాడు.

నన్నడిగితే, తండ్రి వేసినది పెద్ద పెద్ద ఇంజనీర్లు కూడా వేసుకోవలసిన ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే మొదట మూడు మాటలు తెలుసుకోవాలి.

డేటాబేసు అంటే దస్తరాల గది. బ్యాంకు ఖాతాలు, రైలు టిక్కెట్లు, ఆస్పత్రి చీట్లు, పొలం కాగితాలు – అన్నీ పట్టికలుగా రాసి పెట్టిన గది. ఈ పట్టికల పద్ధతికి 1970లో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేస్తున్న ఎడ్గార్ కాడ్ అనే ఆయన శాస్త్రీయమైన రూపం ఇచ్చాడు. ఇక క్వెరీ అంటే ఆ గదికి మనం పంపే ప్రశ్న. "ఫలానా రైతు పేర ఎన్ని పొలాలున్నాయి?" అన్నది ఒక క్వెరీ. ఆ ప్రశ్న వేసే భాష పేరు ఎస్.క్యు.ఎల్.

మూడో మాట ఫ్రేమ్‌వర్క్. మనం చట్రం అనుకుందాం. ఇల్లు కట్టేవాడు ఇటుకలు తానే కాల్చుకోడు, తలుపులు తానే చెక్కుకోడు. వెబ్‌సైటు కట్టేవాళ్లు కూడా అంతే. తయారుగా ఉన్న చట్రం తెచ్చుకుని, తమ పని అందులో అమర్చుకుంటారు. ఆ చట్రంతోపాటు ఒక గుమాస్తా కూడా వస్తాడు. మన అబ్బాయి తనకు అలవాటైన భాషలో "ఆ రైతునూ, అతని పొలాలనూ తెచ్చిపెట్టు" అంటే, ఆ గుమాస్తా దాన్ని ఎస్.క్యు.ఎల్.లోకి తర్జుమా చేసి దస్తరాల గదికి పంపి, జవాబు పట్టుకొస్తాడు. ఇందులో ఉన్న సుఖం ఏమిటంటే, అబ్బాయి ప్రతిసారీ ఆ భాష రాయనక్కరలేదు. ఉన్న చిక్కు కూడా అదే. గుమాస్తా లోపలికి వెళ్లి ఏ మాటల్లో అడిగాడో చాలామంది చూడరు.

వర్షను మార్చడం అంటే ఆ గుమాస్తాను మార్చడం. మన మాట మారలేదు. దస్తరాలు మారలేదు. గది మారలేదు. మధ్యలో మనిషి మారాడు, అతను అడిగే తీరు మారింది. తండ్రిగారి ప్రశ్నకు ఇదే జవాబు.

ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు. 2019 సెప్టెంబరు 23న మైక్రోసాఫ్ట్ సంస్థ ఏ.ఎస్.పి. డాట్‌నెట్ కోర్ 3.0 అనే వెబ్ చట్రాన్నీ, దానితోపాటు వాడే ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్ 3.0 అనే గుమాస్తానూ విడుదల చేసింది. అన్నట్టు, 2014 ఫిబ్రవరి 4న ఆ సంస్థ పగ్గాలు అందుకున్న సత్య నాదెళ్ల మనకు పరాయివాడు కాడు. ఆయన తండ్రి బి.ఎన్. యుగంధర్ గారిది మన యాడికి మండలంలోని బుక్కాపురం. ఐ.ఏ.ఎస్. అధికారిగా, ప్రణాళికా సంఘం సభ్యుడుగా పనిచేసిన ఆ పెద్దాయన, నేను చెబుతున్న విడుదలకు సరిగ్గా పది రోజుల ముందు కాలం చేశారు.

సరే, ఆ కొత్త గుమాస్తా ఏం చేశాడో చూడండి. పాతవాడు ఒక రైతు ఖాతా కావాలంటే పొలాల కోసం ఒక ప్రశ్న, అప్పుల కోసం ఇంకొకటి, రసీదుల కోసం మరొకటి విడివిడిగా వేసేవాడు. కొత్తవాడు అన్ని పట్టికలనూ కలిపి ఒకే ప్రశ్నగా వేయడం మొదలుపెట్టాడు. వినడానికి బాగానే ఉంది. నాలుగుసార్లు తిరగడం కంటే ఒకసారి వెళ్లి రావడం మేలు. పైగా, మొదటి ప్రశ్నకూ నాలుగో ప్రశ్నకూ మధ్య ఎవరైనా దస్తరం దిద్దితే లెక్క పొసగకుండా పోయే ప్రమాదం కూడా తప్పుతుంది. ఉద్దేశం మంచిదే.

అయితే ఒకే ప్రశ్నలో ఇన్ని పట్టికలను కలిపితే ఏమవుతుందో ఆడవాళ్లకు అర్థమయ్యే లెక్కలో చెబుతాను. పెళ్లికూతురికి 4 చీరలు, 6 రవికెలు, 10 గాజుల జతలు పంపాలి. బుద్ధిగా సర్దితే మొత్తం 20 వస్తువులు. ఒక పెట్టెలో పడతాయి. కాని సర్దేవాడు, "ప్రతి చీరతోనూ ప్రతి రవికె, ప్రతి రవికెతోనూ ప్రతి గాజుల జత ఉండాలి" అని పట్టుబట్టి, ఒక్కో కూర్పునూ ఒక్కో మూటగా కట్టాడనుకోండి. ఎన్ని మూటలు? నాలుగు ఆర్లు ఇరవై నాలుగు, పదులు పెడితే 240! చీరలు అవే నాలుగు. వాటినే మార్చి మార్చి రెండు వందల నలభై మూటల్లో కట్టాడు. బండి చాలలేదంటే తప్పు బండిదా?

దస్తరాల గదిలో జరిగింది అదే. ఒక రైతుకు 4 పొలాలు, 6 అప్పులు, 10 రసీదులు ఉంటే, 20 వరుసలతో పోయే జవాబు 240 వరుసలై వచ్చింది. నూరు మంది రైతులను ఒక్కసారి అడిగితే 24,000. ఇంజనీర్లు దీన్ని కార్టీసియన్ విస్ఫోటనం అని పెద్ద పేరు పెట్టి పిలుస్తారు. మన భాషలో చెప్పాలంటే, కూడవలసిన చోట గుణించడం.

ఇందులో ఇంకో తమాషా ఉంది. గుమాస్తా ఆ 240 మూటలనూ విప్పి, నకళ్లు తీసేసి, చివరికి 20 వస్తువులే మన చేతిలో పెడతాడు. తెర మీద లెక్క ఒక్క పైసా తేడా లేకుండా సరిగ్గా ఉంటుంది. తప్పు జవాబు వస్తే ఎవరైనా పట్టుకుంటారు. ఆలస్యంగా వచ్చిన ఒప్పు జవాబును పట్టుకోవడమే కష్టం. పరీక్ష చేసేటప్పుడు ఒక ఉత్తుత్తి రైతును సృష్టించి, ఒక పొలం, ఒక అప్పు, ఒక రసీదు రాసి చూస్తారు. ఒకటిని ఒకటితో ఎన్నిసార్లు గుణించినా ఒకటే గదా! పరీక్ష దివ్యంగా నెగ్గుతుంది. అసలు రైతు వచ్చిన రోజున బండారం బయటపడుతుంది.

పేరు చెప్పను గాని, పట్టణంలో విత్తనాలూ ఎరువులూ అమ్మే ఒక సంస్థలో ఈ భాగోతం నేను కళ్లారా చూశాను. చట్రం మార్చినది మే నెలలో. అప్పుడు అంగట్లో ఈగలు తోలుకుంటున్నారు గనక ఎవరికీ ఏమీ తెలియలేదు. జూన్‌లో నాలుగు చినుకులు పడ్డాయి. చెనక్కాయ విత్తనం కోసం పల్లెల నుంచి జనం వచ్చి వరస కట్టారు. ఒక్కో ఖాతా తెరుచుకోవడానికి లోటా కాఫీ తాగేంతసేపు పడుతున్నది.

"ఏమప్పా, ఇంకా రాలేదా?"

"సర్వరు బిజీ అన్నా, ఉండాల కొంచెంసేపు."

కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన ఆ రైతుకు సర్వరంటే ఏమిటో పట్టలేదు. పదును ఆరిపోతుందనీ, సాయంత్రం బస్సు తప్పిపోతుందనీ మాత్రమే ఆయన భయం. మా సీమలో విత్తే అదను వేచి ఉండేది కాదు. కంప్యూటరులో పోయిన ఒక రోజు పొలంలో ఒక కారు పోయినంత పని చేయగలదు.

యజమాని ఇంకా పెద్ద కంప్యూటరు తెప్పించాడు. నాలుగు రోజులు పరవాలేదనిపించింది. ఖాతాల్లో రసీదులు పెరిగేసరికి కథ మళ్లీ మొదటికి వచ్చింది. ఇది గుణకారం వ్యవహారం గదా! రసీదులు పది నుంచి ఇరవై అయితే, పెరగవలసినవి పది వరుసలు, పెరిగినవి 240. యంత్రం బలం రెట్టింపు చేస్తే ఆ ఒక్క పెరుగుదలకే అది చెల్లు. ఇక నింద ఎవరి మీద పడాలి? చట్రం మార్చిన అమ్మాయి మీద. ఇరవై నాలుగేళ్ల పిల్ల. "ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచక ఎందుకు కెలికినావు?" అన్నారు. ఉద్యోగం పోతుందేమోనన్న స్థితి.

ఆ మాటకొస్తే ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచే వీలు లేదు. పాత చట్రాలకు తయారుచేసినవాళ్ల మద్దతు ఒక గడువుతో ముగుస్తుంది. డాట్‌నెట్ కోర్ 2.1కి 2021 ఆగస్టు 21తో ముగిసింది. ఆ తరవాత దొంగలు దూరే కంత ఏదైనా బయటపడితే పూడ్చి ఇచ్చే నాథుడు ఉండడు. జనం డబ్బు లెక్కలున్న ఇంటికి తుప్పు పట్టిన తాళం వేసుకుని కూర్చోవడం వివేకం కాదు.

ఆ అమ్మాయి ఏడుస్తూ కూర్చోలేదు. ఆమె పని చేసిన వరస నాకు నచ్చింది. ఏ ఇంటి తగాదాకైనా పనికొచ్చే వరస అది.

మొదట, అన్నీ నెమ్మదించాయా, కొన్నేనా అని చూసింది. సరుకు నిలవల పేజీ చిటికెలో వస్తున్నది. బిల్లు చిటికెలో వస్తున్నది. ఖాతా పేజీ ఒక్కటే మొరాయిస్తున్నది. యంత్రానిదే లోపమైతే అన్నీ మొరాయించాలి గదా? అంచేత యంత్రాన్ని అనుమానితుల జాబితాలోంచి తీసేసింది.

తరవాత, గుమాస్తా లోపలికి తీసుకెళుతున్న ప్రశ్నను కాగితం మీద పెట్టించింది. చట్రాలన్నిటిలోనూ ఈ సదుపాయం ఉంటుంది: పంపిన ప్రతి ప్రశ్ననూ, దానికి పట్టిన కాలాన్నీ చిట్టాలో రాయమనవచ్చు. ఖాతా పేజీకి ఒకే ఒక ప్రశ్న పోతున్నది, అది మూరెడు పొడుగుంది. అదే దస్తరాల ప్రతి ఒకటి వేరే యంత్రంలో పెట్టి, పాత గుమాస్తా చేత అదే పేజీ తెరిపించింది. చిన్న చిన్న ప్రశ్నలు నాలుగు పోయాయి. తేడా కళ్లకు కట్టింది.

మూడోది, దస్తరాల గదినే అడిగింది: "ఈ ప్రశ్నకు నువ్వు జవాబు ఎలా వెతుకుతావు?" అలా అడగవచ్చునా అంటే, అడగవచ్చు. ఏ ప్రశ్నకు ఏ దారిన పోతే ఖర్చు తక్కువో ముందే అంచనా వేసుకునే విద్యను 1979లో ఐ.బి.ఎం.లో పట్రీషియా సెలింజర్ అనే ఆవిడా, ఆమె సహచరులూ ప్రకటించారు. ఈనాటి డేటాబేసులకు అది పెద్దబాట. ఆ అంచనాను మనకు చూపించే ఆజ్ఞ ప్రతి డేటాబేసులోనూ ఉంటుంది. చాలావాటిలో దాని పేరు ఎక్స్‌ప్లెయిన్. అందులో గుణకారం బట్టబయలైంది.

అప్పుడు ఒకే ఒక మార్పు చేసింది. ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్ 3.0 వచ్చిన తరవాత ఎందరో ఇదే ఇబ్బంది పడ్డారు. 2020 నవంబరు 10న వచ్చిన 5.0లో యాజ్‌స్ప్లిట్‌క్వెరీ అనే మాట చేర్చారు. ఆ మాట తగిలిస్తే గుమాస్తా మళ్లీ విడివిడిగా అడుగుతాడు. ఇది కూడా సర్వరోగ నివారిణి కాదు. ప్రశ్నలు ఎక్కువైతే తిరుగుళ్లు ఎక్కువ; మధ్యలో దస్తరం మారే ప్రమాదం మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ఎక్కడ కలిపి అడగాలో, ఎక్కడ విడిగా అడగాలో ఆలోచించి చెప్పవలసినది మనిషే.

ఖాతా పేజీ వేగం పుంజుకుంది గాని, రసీదుల ప్రశ్న ఒక్కటి ఇంకా కాళ్లీడుస్తున్నది. చూస్తే ఆ పట్టికకు రైతు నంబరు వారీగా సూచిక లేదు. పెద్ద పుస్తకం చివర అకారాది పట్టిక ఉంటుంది చూడండి, అటువంటిది. 1970లో బోయింగ్ విమానాల సంస్థ పరిశోధనాలయంలో రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్రైట్ అనే ఇద్దరు బి-ట్రీ అనే అమరిక కనిపెట్టారు. లక్షల వరుసలున్నా నాలుగైదు మెట్లలో కావలసినదాన్ని చేరుకునే ఉపాయం అది. అటువంటి సూచిక లేకపోతే, పది రసీదుల కోసం మొత్తం చిట్టా మొదటినుంచి చివరిదాకా తిరగేయాలి. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. ఆ సూచిక పాత గుమాస్తా రోజుల్లోనూ లేదు. లెక్కలు తక్కువ గనక ఎవరికీ తెలియలేదు. సూచిక పెట్టించింది. వరస కదిలింది.

ఆమె ఒక్కొక్కటిగా మార్చి, ఒక్కొక్కసారి కొలిచి చూసుకుంది. ఇది ముఖ్యం. జ్వరం వచ్చిన పిల్లవాడికి కషాయం, మాత్ర, తాయెత్తు, దిగదుడుపు ఒకేసారి చేయించిన ఇంట్లో, తగ్గాక దేనివల్ల తగ్గిందో ఎవరు చెప్పగలరు? మళ్లీ జ్వరం వస్తే మళ్లీ నాలుగూ చేయించాలి.

ఇటువంటి ముచ్చట ఒక్కసారితో తీరేది కాదని కూడా చెప్పాలి. 2023 నవంబరు 14న అదే గుమాస్తా 8వ వర్షను వచ్చింది. "ఈ నంబర్ల రైతులందరినీ చూపించు" అని జాబితా ఇచ్చి అడిగే పద్ధతి అందులో మారింది. మునుపు జాబితాలోని నంబర్లను ప్రశ్నలోనే రాసేవారు. జాబితా మారినప్పుడల్లా అది కొత్త ప్రశ్నగా కనబడి, డేటాబేసు దారి మళ్లీ మొదటినుంచి ఆలోచించవలసి వచ్చేది. ఆ శ్రమ తప్పించాలని జాబితాను ఒక మూటగా కట్టి ఇచ్చారు. కాని మూటలో ఎన్ని నంబర్లున్నాయో డేటాబేసుకు ముందుగా తెలియక, కొన్నిచోట్ల అంచనా తప్పి చెడ్డ దారి పట్టింది. డేటాబేసును మార్చినా ఇంతే. పోస్ట్‌గ్రెస్ అనే ప్రసిద్ధమైన డేటాబేసును పెద్ద వర్షనుకు మార్చినప్పుడు, అది వేసుకున్న అంచనాల గణాంకాలు 17వ వర్షను దాకా వెంట వచ్చేవి కావు. మళ్లీ లెక్క వేయించేదాకా అది కొత్త ఊరికి బదిలీ అయిన పోస్టుమాను లాగ వీధులు వెతుక్కునేది. 2025లో వచ్చిన 18తో వాటిలో చాలాభాగం వెంట తెచ్చుకోవడం నేర్చుకుంది.

వీటిలో ఏదీ ఎవరో చెడగొట్టాలని చేసినది కాదు. ప్రతి మార్పూ ఒక మేలు కోసమే వచ్చింది, వస్తూ వస్తూ ఎవరో ఒకరి ఇంట్లో ఒక దారి మూసింది. మార్చేముందు, ఏమేమి మారాయో తయారుచేసినవాళ్లు ప్రకటించే పత్రం చదవాలి. 3.0 విషయంలో కూడా ఈ ఒకే ప్రశ్న సంగతి ఆ జాబితాలో రాసే ఉంది. ఆ తరవాత, ఉత్తుత్తి రైతుతో కాక, నిజమైన ఖాతా ఎంత బరువుందో అంత బరువుతో పరీక్ష చేయాలి. మా ప్రాంతంలో అయితే ఆ పరీక్ష మే నెల ఎండలో ఖాళీ అంగట్లో కాదు, జూన్ వరస ఎంత ఉంటుందో అంతమందిని లెక్కలో పెట్టుకుని జరగాలి.

ఇంత చెప్పినా, కొన్నిచోట్ల యంత్రం నిజంగానే చాలదు; అప్పుడు పెద్దది కొనవలసిందే. బోరు కూడా ఒక్కొక్కప్పుడు లోతుకు దింపవలసిందే. కాని ఆ మాట కొలిచి చూసిన తరవాత అనాలి. కొలవకముందు అంటే అది వైద్యం కాదు, జూదం.

ఆ సంస్థలో ఆ అమ్మాయి ఉద్యోగం నిలిచింది. పెద్ద కంప్యూటరు ఇప్పటికీ అక్కడే ఉంది. దాని వాయిదాలూ ఇంకా కడుతున్నారు. ఖాతా పేజీ తెరుచుకోవడానికి మాత్రం దాని అవసరం ఏమీ లేదట.